తొలి పని చూపేవారెవరు?

మచిలీపట్నం పొరుగున ఉన్న పెడనలో కలంకారీ వస్త్రం ఒక్క చేతి మీదుగా సిద్ధం కాదు. బట్టను ఉతకడం, కరక్కాయ నీటిలో నానబెట్టడం, అచ్చు అద్దడం, రంగులో ఉడికించడం వేర్వేరు పనులు. కొత్తగా చేరినవారికి ఏది ముందో, ఏది తరువాతో కళ్ళెదుటే కనబడుతుంది.

ఓపెన్ సోర్స్ ప్రపంచంలో ఈ సౌలభ్యం లేదు. అక్కడ సాఫ్ట్‌వేరు కోడును ఎవరైనా చదవవచ్చు, సవరించవచ్చు, తిరిగి పంచుకోవచ్చు. తలుపు తెరిచే ఉంది, నిజమే. కాని గుడివాడలోని ఇంటర్మీడియట్ విద్యార్థి లోపలికి తొంగిచూస్తే వేల పంక్తుల కోడు, ఆంగ్లంలో సాగే చర్చలు ఎదురవుతాయి. ఎక్కడ చేయి పెట్టాలో తెలియక వెనుదిరుగుతాడు. దానిని అతని అసమర్థతగా భావించడం అన్యాయం.

ఈ ఇబ్బందిని గుర్తించే గిట్‌హబ్‌లో అనేక ప్రాజెక్టులవారు సులభమైన పనులకు 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' అనే చీటీ తగిలిస్తున్నారు. మంచి ఏర్పాటే. అయితే ఏ ఫైలు తెరవాలో, మార్పును ఎలా పరీక్షించాలో రెండు వాక్యాలు రాయకపోతే అది మరో చిక్కుముడే.

తెలుగువారికి ఇంతకన్న దగ్గరి దారి ఉంది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా మొదలైంది. దాని సోదర ప్రాజెక్టు వికీసోర్స్‌లో పాత పుస్తకపు పుట ఒకవైపు చిత్రంగా, మరొకవైపు అక్షరాలుగా కనిపిస్తుంది. యంత్రం ఒత్తులను, దీర్ఘాలను తరచు తప్పుగా చదువుతుంది. వాటిని దిద్దడానికి కోడు రానక్కరలేదు, తెలుగు వస్తే చాలు. దిద్దవలసిన పుటకు ఎరుపు, దిద్దినదానికి పసుపు, మరొకరు సరిచూసినదానికి ఆకుపచ్చ గుర్తు ఉంటుంది. పొరపాటు జరిగినా పాత ప్రతి చెరిగిపోదు. దివిసీమలోని అవనిగడ్డ విద్యార్థిని ఒక సాయంత్రం ఒక్క పుటతో ఆరంభించవచ్చు. చేయి తిరిగాక, ఈ వెబ్‌సైట్లను నడిపే మీడియావికీ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు సందేశాలను తెలుగు చేయవచ్చు. ఆ తరువాతి మెట్టు కోడే.

కాని ఈ సంగతి ఆమెకు చెప్పేదెవరు? అనుభవజ్ఞులు చిన్న దోషం కంటబడగానే తామే దిద్దేస్తారు. అది శ్రద్ధగా కనిపించినా, కొత్తవారి నోటి దగ్గరి ముద్దను లాక్కోవడమే. అటువంటి పనులను నాలుగు రోజులు అట్టేపెట్టి, పక్కన కూర్చుని ఒకసారి చేసి చూపించాలి. కొత్తవారి సవరణను తిరస్కరించవలసి వస్తే, కారణాన్ని తెలుగులో ఒక వాక్యంగానైనా రాయాలి. తన రాతను మౌనంగా తుడిచివేసిన చోటికి మళ్ళీ వచ్చే విద్యార్థి అరుదు.