వేషము వేసికొని పరుగెత్తవచ్చునా?



ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి పల్లెటూరి సహోదరి ఒకామె వ్రాసినది. ఆమె కుమార్తె ఇంగ్లండులో నర్సుగా పనిచేస్తున్నది. అక్కడ డిసెంబరు నెలలో, రోగుల సహాయనిధి కొరకు, క్రిస్మస్ తాత బట్టలు వేసికొని ఐదు కిలోమీటర్లు రోడ్డు మీద పరుగెత్తే పందెం ఒకటి ఉన్నదట. తోటి నర్సులతో కలిసి ఆ అమ్మాయి కూడా పేరు ఇచ్చింది. బడిలో చదివే రోజుల్లో సైతం ఏనాడూ పరుగు పందెంలో నిలబడిన పిల్ల కాదు. "పెళ్లి కావలసిన పిల్ల ఎర్ర అంగీ, తెల్ల గడ్డం పెట్టుకుని వీధిలో పరుగెత్తితే నలుగురూ నవ్వరా? విశ్వాసులమైన మనకు వేషం తగునా? మీరొక మాట వ్రాస్తే దానికి పంపిస్తాను" అని ఆ తల్లి అడిగారు.

ఆ తల్లి బెంగకు కారణం పరుగు కాదు, వేషం అనే మాట అని మాకు తోచింది. మన తెలుగు బైబిలులో ప్రభువు పరిసయ్యులను గద్దించిన చోట "వేషధారులు" అనే మాట వాడబడింది. చిన్ననాటి నుండి ఆ మాట వింటూ పెరిగినవారికి వేషం అనగానే మనసులో ముల్లు గుచ్చుకొనడం సహజమే. గ్రీకు భాషలో అక్కడున్న మాటకు నాటకంలో పాత్ర ధరించేవాడు అని అర్థం. అయితే ప్రభువు గద్దించినది నాటకమాడేవారిని కాదు; లోపల ఒకటి ఉంచుకొని బయట మరొకటి చూపి, అదే నిజమని జనులను నమ్మించేవారిని. ప్రతి క్రిస్మస్‌కు మన గుడిలో పిల్లలు తలకు తువ్వాలు చుట్టుకొని గొల్లలవుతున్నారు, బంగారు కాగితం కిరీటాలు పెట్టుకొని జ్ఞానులవుతున్నారు. గాబ్రియేలు దూత రెక్కలు ఊడిపోతే వాళ్లమ్మే వచ్చి పిన్ను పెడుతుంది. ఎవరూ ఎవరినీ మోసగించడం లేదు. తెల్ల గడ్డం పెట్టుకొని పరుగెత్తే నర్సును చూచి నిజంగా ముసలివాడనుకొనేవారు ఎవరుంటారు?

వేషానికీ పరుగుకూ గుడికీ సంబంధమేమిటని అడిగేవారికి ఓల్నీ అనే ఊరి సంగతి చెప్పాలి. ఇంగ్లండులో బకింగ్‌హామ్‌షైర్ జిల్లాలో ఉన్న చిన్న ఊరది. మన సంఘాలకు ఆ ఊరు బొత్తిగా పరాయిది కాదు. ఒకప్పుడు బానిసల ఓడకు కెప్టెనుగా ఉన్న జాన్ న్యూటన్ 1764 నుండి 1780 వరకు ఆ ఊరి గుడిలో సేవ చేశాడు. ఆయనా, కవి విలియం కౌపరూ కలిసి వ్రాసిన కీర్తనలు 1779లో ఓల్నీ కీర్తనలు అన్న పేరుతో అచ్చయినాయి. "అమేజింగ్ గ్రేస్" మొదట అచ్చయినది ఆ పుస్తకంలోనే.

ఆ ఊరిలో లెంటు దినములు మొదలయ్యే భస్మ బుధవారానికి ముందురోజు, అంటే మంగళవారం, స్త్రీలు పెనాలు పట్టుకొని పరుగెత్తుతారు! పూర్వం లెంటు ఉపవాస కాలంలో గుడ్లు, వెన్న వంటివి తినేవారు కాదు. ఇంట్లో మిగిలినవి పాడుకాకుండా ముందురోజునే పిండిలో కలిపి అట్లు పోసేవారు. ఆ రోజే గుడికి వెళ్లి పాపములు ఒప్పుకొని క్షమాపణ మాట వినడం కూడా వాడుక. సంస్కరణకు పూర్వపు మాట ఇది. 1445లో ఒక ఇల్లాలు అట్లు పోస్తూ ఉండగా గుడి గంట మోగిందనీ, ఆలస్యమవుతుందన్న తొందరలో తలగుడ్డ, ముందుకట్టు తీయకుండానే, చేతిలోని పెనంతోనే గుడికి పరుగెత్తిందనీ ఆ ఊరివారు చెప్పుకొంటారు. ఆమె పేరు ఏ పుస్తకంలోనూ లేదు. కథలో ఎంత నిజమున్నా, ఇంటిపనిలో తలమునకలైన ఇల్లాలికి గంట వినబడిన క్షణంలో కలిగే కంగారు మన ఇళ్లలో ప్రతి ఆదివారం ఉదయం చూస్తూనే ఉన్నాము.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆ పందెం ఆగిపోయింది. 1948లో ఆ సంఘపు గురువు కానన్ రోనాల్డ్ కాలిన్స్ పాత బీరువా ఒకటి ఖాళీ చేస్తుండగా 1920, 30 ప్రాంతాల ఫొటోలు కొన్ని బయటపడ్డాయి. వాటిలో స్త్రీలు పెనాలు పట్టుకొని పరుగెత్తుతున్నారు. దీన్ని మళ్లీ మొదలుపెట్టాలని ఆయన పిలుపునిచ్చారు. ఆ మంగళవారం పదముగ్గురు స్త్రీలు వచ్చి గీత మీద నిలబడ్డారు.

ఆ పదముగ్గురి గురించి మేము చాలాసేపు మాట్లాడుకొన్నాము. యుద్ధం ముగిసి మూడేళ్లు కూడా కాలేదు. బ్రిటనులో గుడ్లకూ, వెన్నకూ, పంచదారకూ ఇంకా రేషనే. అట్టు పోయడానికి కావలసిన ఒక్క గుడ్డును కూడా లెక్కచూచుకొనే రోజులవి. అలాంటి రోజుల్లో, బజారు నడిబొడ్డున, ఊరంతా చూస్తుండగా, వంటింటి బట్టలతో పరుగెత్తడానికి మొదటిసారి నిలబడడం తేలికైన పని కాదు. వాళ్లను చూచి కూడా నలుగురు నవ్వే ఉంటారు. నవ్వితే ఏమయింది? ఆ నవ్వు యుద్ధంతో అలసిపోయిన ఊరికి కావలసినదే. ఈ ఫొటో ఒకటి పత్రికలో చూచి 1950లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, గోధుమలు పండించే లిబరల్ అనే ఊరివారు మాతో పోటీకి వస్తారా అని ఓల్నీ గురువుగారికి కబురు పంపారు. అప్పటి నుండి రెండు ఊళ్లలోనూ ఒకే రోజున, ఒకే దూరం పరుగెత్తి, ఎవరి సమయం తక్కువో సరిచూచుకొనే వాడుక ఏర్పడింది.

దూరం ఎక్కువేమీ కాదు. బజారు నుండి గుడి వరకు 415 గజాలు, అంటే 380 మీటర్లు. కాని నియమాలున్నాయి. పరుగెత్తేవారు ఆ ఊరి స్త్రీలై ఉండాలి. గౌను లేక లంగా, ముందుకట్టు, తలమీద గుడ్డ ఉండాలి. పెనంలో అట్టు ఉండాలి. దానిని బయలుదేరేటప్పుడూ, చేరినప్పుడూ ఎగరవేసి పట్టుకోవాలి. గెలిచిన స్త్రీకి గంట మోగించే గుడి సేవకుడు సమాధాన వందనం చేస్తాడు. తరువాత అందరూ గుడిలోకి వెళ్లి ఆరాధనలో కూర్చుంటారు. న్యూటన్, కౌపర్‌ల కీర్తనలు పాడతారు. గెలిచినవారూ, ఓడినవారూ ఆ వంటింటి బట్టలతోనే! ఆదివారం మంచి చీర లేదని గుడికి రావడం మానుకొనే సహోదరీలు మన సంఘాలలో ఉన్నారు గనుక ఈ సంగతి ప్రత్యేకంగా వ్రాస్తున్నాము.

ఈ బట్టల విషయంలోనే 2019లో పెద్ద గొడవ జరిగింది. లండను మారథాన్‌లో ఒక నర్సు తాను రోజూ ఆసుపత్రిలో వేసికొనే నీలం చొక్కా, ప్యాంటుతో 42 కిలోమీటర్లు 3 గంటల 8 నిమిషాల 22 సెకన్లలో ముగించింది. నర్సు దుస్తులలో పరుగెత్తిన స్త్రీలలో అంతకుముందున్న రికార్డు కంటే అది తక్కువ సమయం. కాని గిన్నిస్ వారు మొదట ఒప్పుకోలేదు. వారి నియమం ప్రకారం నర్సు అంటే గౌను, ముందుకట్టు, టోపీ ఉండాలట. నిజం నర్సు నిజమైన పనిబట్టలు వేసికొని వస్తే, అది నర్సు దుస్తులు కాదు పొమ్మన్నారు! దేశదేశాల నర్సులు, స్త్రీలూ పురుషులూ కూడా, తమ పనిబట్టలతో ఫొటోలు పెట్టి ఇదేమి న్యాయమని అడిగారు. కొద్ది రోజుల్లోనే గిన్నిస్ వారు ఆ నియమం పాతబడినదని ఒప్పుకొని రికార్డు ఆమెకు ఇచ్చారు. నర్సుల కుటుంబాలు మన సంఘాలలో ఎన్నో ఉన్నవి. ఈ సంగతి చదివి సంతోషిస్తారు.

ఓల్నీలో ముందుకట్టు కట్టితే ముచ్చట, లండనులో నర్సును కట్టమంటే తప్పా అని ఎవరైనా అడగవచ్చు. ఓల్నీ స్త్రీలు తమ ఊరి కథను తామే ఇష్టపడి తలమీద వేసికొంటున్నారు. ఈ నర్సుకు నీవెవరో మేము చెబుతాము అని ఇతరులు చెప్పారు. అక్కడ ఉన్నది తేడా.

మన హైదరాబాదులోనూ 2017 ఆగస్టు మారథాన్‌లో ఒక స్త్రీ చేనేత చీర కట్టుకొని 42 కిలోమీటర్లు ఐదు గంటల లోపుగా పూర్తి చేసింది. నేతగాళ్లను ఆదరించమని చెప్పడానికే ఆమె చీరతో పరుగెత్తింది. చీరతో పరుగేమిటని ఆశ్చర్యపోనవసరం లేదు. నాట్లు వేసే స్త్రీలు చీర ఎగదోపి బురదలో ఎంత చురుకుగా కదులుతారో మన పాఠకులకు తెలియనిది కాదు. ఏలీయా ప్రవక్త కూడా వానలో నడుము బిగించుకొనే అహాబు రథానికి ముందుగా పరుగెత్తాడు.

అయితే ఆ అమ్మాయికి మా సలహాలు కొన్ని ఉన్నవి. వేషం తేలిక, పరుగు కష్టం అని చాలామంది అనుకొంటారు. మొదటిసారి వారికి తరచుగా తిప్పలు పెట్టేది వేషమే. ఆ ఎర్ర అంగీలు పలుచని గుడ్డతో, అందరికీ ఒకే కొలతతో కుట్టబడతాయి. ప్యాంటు నడుము దగ్గర నిలవదు. లోపల నాడా ఎక్కించుకోవాలి. కాళ్ల దగ్గర పొడవైతే మడిచి కుట్టాలి, పిన్నులతో సరిపెట్టుకొంటే దారిలో ఊడి గుచ్చుకొంటాయి. గడ్డం నోటికి అడ్డు పడి ఊపిరికి తడిసిపోతుంది, కనుక కిందికి లాగుకొనేటట్లు ఉండాలి. రొమ్ము మీద పెట్టే నంబరు అంగీ కింద దాగిపోకూడదు. లోపల ఒరుసుకొనే చోట వాజలీను రాసుకోవాలి. బూట్లు కొత్తవి వద్దు. అన్నిటికంటే ముఖ్యం, పందెం ముందు ఒకసారి ఆ వేషమంతా వేసికొని రెండు కిలోమీటర్లయినా పరుగెత్తి చూడాలి. వీధిలో సిగ్గయితే స్నేహితురాలిని తోడు తీసుకొని వెళ్లవచ్చు. నిజానికి సిగ్గు పోయేది ఆ రోజునే, పందెం రోజున కాదు.

ఇక పరుగు. రెండు నెలల ముందు నుండి వారానికి మూడుసార్లు, కాసేపు నడక, కాసేపు మెల్లని పరుగు మార్చి మార్చి చేస్తే ఐదు కిలోమీటర్లు సామాన్యమైన ఆరోగ్యమున్న వారికి సాధ్యమే. పరుగెత్తుతూ పక్కవారితో మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్లు. మాట రాకపోతే నడవాలి; నడిచినందుకు ఎవరూ తప్పు పట్టరు. మన స్త్రీలలో రక్తహీనత ఎక్కువ గనుక హిమోగ్లోబిన్ ఒకసారి చూపించుకొమ్మని చెప్పండి. ఆయాసం, ఛాతీనొప్పి, కళ్లు తిరగడం ఉంటే వైద్యుణ్ణి అడగకుండా పేరు ఇవ్వకూడదు.

పెద్ద వేషాల జోలికి మొదటి ఏడు పోవద్దు. 2002లో లాయిడ్ స్కాట్ అనే ఒకప్పటి అగ్నిమాపక ఉద్యోగి సముద్రపు అడుగున మునిగేవారు వేసికొనే దాదాపు 60 కిలోల బరువైన పాతకాలపు దుస్తులతో లండను మారథాన్ చేశాడు. ఐదు రోజులకు పైగా పట్టింది. తాను రక్త క్యాన్సరు నుండి బతికి బయటపడినవాడు గనుక ఆ జబ్బుతో ఉన్న పిల్లల కొరకు చందాలు పోగుచేయడానికి అంత కష్టపడ్డాడు. ఆయనకు తగిన కారణమూ, బలమూ ఉన్నవి.

ఒక విషయంలో మాత్రం ఆ తల్లితో మేము ఏకీభవిస్తాము. ఏ వేషమైనా ఫరవాలేదు అనుకోకూడదు. బీదవారిని, అంగవైకల్యం ఉన్నవారిని, మరొక జాతివారిని, మరొక మతంవారిని ఎగతాళి చేసే వేషాలు కొందరు వేస్తారు. అవి వద్దు. క్రిస్మస్ తాత ఎవరినీ నొప్పించడు.

మన సంఘాలలో స్త్రీల మైత్రివారు ఎవరైనా ఇలాంటిది పెట్టాలనుకొంటే ఎండలు ముదరకముందే, తెల్లవారి ఆరు గంటలకు మొదలుపెట్టండి. పోలీసువారికి, పంచాయతీకి ముందుగా తెలియజేయండి. అర కిలోమీటరు చాలు. పెద్దవయసు వారికి నడక పందెం వేరుగా ఉంచండి. పెనాలు చల్లనివి ఇవ్వండి, అట్లు ముందురోజువైనా సరే. దారిలో నీళ్ల బల్ల ఒకటి, చేరేచోట ఒకటి ఉండాలి. చివరన వచ్చే అమ్మ చేరేదాకా ఆ రెండవ బల్ల తీయకండి.