కుక్కకుండేది విశ్వాసం – మనిషికి కావాల్సింది రుజువు

పల్లెమీద ఏ దౌర్జన్యం జరిగినా తెల్లారేసరికి ఊరి పెద్దలు దిగుతారు. "కేసులెందుకురా? మామీద నమ్మకం లేదా? ఈ కాగితంమీద వేలిముద్ర వెయ్యండి, మేం చూసుకుంటాం" అంటారు. వెయ్యమంటే వెంటనే తిట్టు: "విశ్వాసంలేని జాతి!"

అన్నలారా, అక్కలారా! నమ్మకం, విశ్వాసం ఒకటి కావు. విశ్వాసం కుక్కకుంటుంది. తన్నినా, పస్తు పెట్టినా అది ఆ గడప వదలదు, లెక్క అడగదు. తరతరాలుగా పాలేరు దగ్గర ఆసాములు కోరింది ఇదే.

నమ్మకం అట్లా కాదు. మన ఆడవాళ్లు ఏటేటా ఒకే చేలోకి నాట్లకు పోతున్నారంటే నిరుడు కూలిడబ్బులు సరిగ్గా చేతికొచ్చాయి గనకనే. ఎగ్గొట్టినవాడి గట్టు మళ్లీ తొక్కరు. అక్షరం ముక్క రాని మా అమ్మకు ఈ తేడా తెలుసు. చదువుకున్న మనమే మరుస్తున్నాం.

చుండూరు సంగతే చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. న్యాయం దానంతటదే వస్తుందని పల్లె చేతులు కట్టుకు కూర్చోలేదు. కోర్టు మా ఊళ్లోనే పెట్టాలని పట్టుబట్టి పెట్టించుకుంది. ఆ కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పింది. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

"చట్టాన్ని నమ్మితే ఏమయిందిరా?" అని పెద్దల ఎగతాళి. అవును, ఆ తీర్పుతో కోర్టులమీద మన నమ్మకం తగ్గింది. తగ్గాలి కూడా! రుజువును బట్టి పెరిగి తరిగేదే నమ్మకం. ఏం జరిగినా తరగనిది గుడ్డి విశ్వాసం. అంతమాత్రాన మీ రచ్చబండకు తిరిగి రావాలా? మనమీద చెయ్యెత్తినవాడికి ఆ బండమీద ఒక్కరోజు శిక్ష ఎన్నడైనా పడిందా? ముందు ఆ లెక్క చెప్పండి!

కాబట్టి స్టేషన్లో రాసింది చదివించుకుని గానీ సంతకం పెట్టొద్దు. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఊరికే ఇవ్వాలి, అడిగి తీసుకోండి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసయితే, 1995 రూల్సు ప్రకారం దర్యాప్తు డి.ఎస్.పి.కి తగ్గని అధికారి చెయ్యాలి. వచ్చిందెవరో కనుక్కోండి. తెల్లకాగితంమీద వేలిముద్ర కన్నతండ్రి అడిగినా వెయ్యొద్దు.

ఈ గీటురాయి మన నాయకులకు కూడా. రాజకీయాల్లో వ్యక్తిపూజ చివరకు నియంతృత్వానికే దారితీస్తుందని 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో బాబాసాహెబ్ హెచ్చరించారు. ఆయన విగ్రహానికి దండేసి, సంఘం చందాల లెక్క అడగనివాడు ఆయన మాట విననట్టే. రేపు మేమే మీ పల్లెకొచ్చి చెయ్యి చాపినా సరే, ముందు రసీదు అడగండి. అడిగినవాణ్ణి కసిరే నాయకుడు మన నాయకుడు కాదు, కొత్త ఆసామి!

జై భీమ్!