జమీన్ దగ్గర ఆగిపోయే షరియత్

‘విరాసత్‌లో మజహబ్ ఏంటి, ఇంగ్లీషోళ్లను చూసి నేర్చుకోండి’ అని టీవీల్లో సబక్ చెప్పేవాళ్లు ఇంగ్లండ్ తారీఖ్ చదవరు. 1857 కానూన్ వచ్చేదాకా అక్కడ వసియత్‌నామాలు చూసింది చర్చి అదాలత్‌లే. నగదు, పశువులు, సామాను వాటి కింద. జమీన్ బాద్‌షా అదాలత్‌ల కింద. చర్చి హద్దు దాటిందంటే బాద్‌షా జడ్జీలు ‘ప్రొహిబిషన్’ హుకుం పంపి కేసు ఆపేసేవారు. మరో బిషప్ ఇలాకాలో 5 పౌండ్ల సామాను ఉన్నా కేసు ఆర్చిబిషప్ అదాలత్‌కి ఎక్కేది. ఈ ఖీంచాతానీలో నలిగింది బేవాలు, యతీములు.

వసియత్ లేకుండా మనిషి పోతే, 1670 కానూన్ ప్రకారం సామానులో బేవాకు మూడో వంతు, మిగతాది పిల్లలందరికీ బరాబర్. జమీన్ మాత్రం మామూలుగా పెద్దకొడుక్కే. కొడుకుంటే కూతురికి సున్నా.

మన ఖురాన్ జమీన్‌లోనూ బేటీకి హిస్సా ఇచ్చింది. మరి మనం? షరియత్ బచావో జల్సాలో ముందు వరస మనదే. ఇంటికొచ్చి, ‘జహేజ్ ఇచ్చాం కదా’ అంటూ బెహన్ చేత హిస్సా మాఫ్ చేయించుకుంటాం. 1937 షరియత్ కానూనే సాగుభూమిని పక్కన పెట్టిందని బహానా వెతుకుతాం. అల్లాహ్ పక్కన పెట్టాడా?

నారాలు చాలు భాయ్. పాస్‌బుక్‌లో బెహన్ పేరు ఎక్కించండి. టీవీవాళ్లకు అసలు జవాబ్ అదే.