సగం ధర ఫిల్టరు

నా మేనల్లుడు అప్పు చేసి కొన్న పెట్రోలు కారును అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల్లో ట్యాక్సీగా నడుపుతున్నాడు. గత నెల ఒక కొత్త ఎయిర్ ఫిల్టరు చేతబట్టుకొని మా ఇంటికి వచ్చాడు. "మామూ, కంపెనీ ధరలో సగానికే దొరికిన ఫిల్టరు బిగించి మూడు వారాలైంది. ఇది దానికన్నా మేలైనదట. కడిగి మళ్ళీ వాడుకోవచ్చట, మైలేజీ పెరుగుతుందట. మార్చమంటారా?" అన్నాడు. పాఠాలు చెప్పుకొనే నన్ను అడగడమేమిటని నవ్వుకున్నాను. కాని వాడి నెలవాయిదా ఆ ఇంజను మీదే ఆధారపడి ఉంది. ఎరిగిన మెకానిక్ వద్దకు ఇద్దరమూ వెళ్ళాము.

లీటరు పెట్రోలు మండడానికి సుమారు 9 వేల లీటర్ల గాలి కావాలి. మెట్రో వంతెన కింద, బస్సుల వెనుక నిలిచి ఇంజను పీల్చే గాలి ఎటువంటిదో పాఠకులకు చెప్పనక్కరలేదు. అందులోని సన్నని ఇసుక లోపలికి చేరితే పిస్టన్ రింగులను ఆకురాయిలా అరగదీస్తుంది. ఆ నష్టం వెంటనే తెలియదు. ఆయిలు తరిగి నీలిపొగ వచ్చేనాటికి ఖర్చు వేలల్లో ఉంటుంది.

మెకానిక్ ఫిల్టరు తీసి, దాని అవతలి గొట్టాన్ని తెల్లగుడ్డతో తుడిచాడు. గుడ్డకు మట్టిరంగు అంటింది! కాగితం చిరగలేదు; అంచు రబ్బరు సరిగా కూర్చోక ఆ సందులోంచి వడకట్టని గాలి పోయింది. అయితే బయటి సరుకంతా నాసిరకమని అనరాదు. కార్ల కంపెనీలకు ఫిల్టర్లు సరఫరా చేసే తయారీదారులు తమ సొంత పేరుతోనూ అమ్ముతారు. అవి నమ్మదగినవే.

ఇక కడిగి వాడుకొనే నూనె పట్టించిన నూలు ఫిల్టరు సంగతి. అది గాలిని ధారాళంగా వదులుతుంది, దానితోపాటు సన్నని దుమ్మునూ ఎక్కువగానే వదలవచ్చు. పైగా సిగ్నలు సిగ్నలుకూ ఆగే కారులో గాలిద్వారం సగం మూసే ఉంటుంది. ధారాళమైన గాలితో అక్కడ పనేమిటి? నూనె ఎక్కువైతే కొన్ని కార్లలో గాలిని కొలిచే సెన్సరు కూడా పాడవుతుంది.

నేను నేర్చుకున్నది మరొకటుంది. కొద్దిగా దుమ్ముపట్టిన కాగితపు ఫిల్టరు కొత్తదానికన్నా బాగా వడకడుతుందట! గాలిగొట్టంతో బలంగా ఊదితే కాగితం దెబ్బతింటుంది. సర్వీసు పుస్తకంలో దుమ్ము ప్రాంతాలకు చెప్పిన గడువుకు మార్చుకుంటే చాలు.

అదే రోజు వాడు కంపెనీ ఫిల్టరే వేయించుకున్నాడు. నూలుదాన్ని దుకాణదారు వెనక్కి తీసుకోలేదు. డబ్బా విప్పని ఆ ఫిల్టరు ఇంకా మా ఇంటి అటకమీదే ఉంది.