గిటారు మేష్టారి జీతం

మామిడి తోటలు పూత మీదున్న రోజుల్లో మా ఊరు వెళ్ళడం నాకు చిన్నప్పటి నుంచీ ఒక వ్యసనం. సంక్రాంతి దాటిందంటే చాలు, నూజివీడు నుంచి ఆగిరిపల్లి వైపు పోయినా, ముసునూరు వైపు పోయినా గాలి నిండా అదే వాసన. 2022లో మమ్మల్ని కృష్ణా జిల్లా నుంచి తీసి ఏలూరు జిల్లాలో కలిపారు గానీ, ఆ వాసన మాత్రం ఏ జిల్లాదీ కాదు. ఈసారి తిరుగు ప్రయాణంలో ఆ వాసనతో పాటు ఒక ప్రశ్న కూడా నా వెంట వచ్చింది. అదే ఈ టపాకు కారణం.

మా అక్కయ్య కొడుకు హైదరాబాదులో ఏడేళ్ళు ఉద్యోగం చేశాడు. కాలేజీ రోజుల నుంచి గిటారు వాడి ప్రాణం. ఈ మధ్య ఉద్యోగం వదిలేసి వచ్చి, "నూజివీడులో గిటారు నేర్పుతాను మావయ్యా, దాని మీదే బతుకుతాను" అన్నాడు. ఇంట్లో పెద్ద దుమారమే లేచింది. గిటారు నేర్పడానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అభ్యంతరమంతా ఆ రెండో ముక్కకే. "సాయంత్రం పూట సరదాగా నలుగురు పిల్లలకు చెప్పుకో, ఎవరు వద్దన్నారు? దాని మీద లాభం చూసుకుంటానంటావేమిటి, సంగీతం అమ్ముకునే సరుకా?" అని పెద్దలందరూ ఒక్క గొంతుతో అన్నారు. సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను, ఆ గొంతుల్లో మొదట నాదీ ఉంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా వీణ పంతులుగారు గుర్తొచ్చారు.

నూజివీడు పేరు చెబితే రసాలతో పాటు వీణ కూడా గుర్తొచ్చే రోజులుండేవి. పనస కర్రతో చేసే నూజివీడు వీణకు, బొబ్బిలి వీణ లాగే, సంగీతం తెలిసినవారిలో ఒక గౌరవం ఉంది. మా నాన్నగారు అటువంటి వీణ ఒకటి కొని అక్కయ్యకు నేర్పించడానికి ఒక పంతులుగారిని కుదిర్చారు. ఆయన వారానికి మూడు రోజులు సైకిలు తొక్కుకుంటూ వచ్చేవారు. జీతం మాట వచ్చినప్పుడల్లా నాన్నగారు, "కాయ దిగనివ్వండి పంతులుగారూ, చూద్దాం" అనేవారు. కాయ దిగేది. ఒక గంప చిన్నరసాలు ఆయన సైకిలు వెనక కట్టించేవారు. ఆపైన, "విద్యకు వెల కట్టగలమా!" అని ఎంతో గౌరవంగా నమస్కారం పెట్టేవారు. ఆ నమస్కారం చూసి మా నాన్నగారెంత గొప్పవారో అనుకునేవాణ్ణి. అక్కయ్య గీతాలు దాటి స్వరజతుల దగ్గరకు వచ్చేసరికి పంతులుగారు రావడం మానేశారు. కొన్నేళ్ళకు తెలిసింది, ఆయన ఒక మామిడికాయల కమీషను కొట్టులో గుమాస్తాగా చేరారని. ఆయన వీణ ఏమయిందో అడిగే ధైర్యం నాకు చాలలేదు. అక్కయ్య వీణ మాత్రం ఇప్పటికీ మా ఇంట్లో దుప్పటి కప్పుకుని ఉంది.

విద్యకు వెల కట్టలేమన్నది నిజమే. వెల కట్టలేనిదానికి అసలేమీ చెల్లించనక్కరలేదని మనం దానికి అర్థం చెప్పుకున్నాం. అక్కడ వచ్చింది చిక్కు.

"మన పూర్వులు విద్యను ఉచితంగా ఇచ్చారు కదా" అంటారు. ఉచితంగా తీసుకున్నది శిష్యుడు. గురువుగారి ఇంట పొయ్యి వెలగడానికి ఎవరో ఒకరు చెల్లిస్తూనే ఉన్నారు. విజయనగరం సంగీత కళాశాలనే చూడండి. 1919లో మహారాజావారు దాన్ని నెలకొల్పి ఆదిభట్ల నారాయణదాసు గారిని అధ్యక్షులుగా నియమించారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పారు. ఆ మహానుభావులు జీతం పుచ్చుకున్నారని వారి సంగీతానికి మైల అంటలేదు. తరువాత జమీలు పోయాయి, ఆ బాధ్యత కొంతవరకు ప్రభుత్వం తీసుకుంది. ఇవాళ ఒక చిన్న పట్టణంలో గిటారు నేర్పేవాడికి జమీందారూ లేడు, ప్రభుత్వ కొలువూ లేదు. మిగిలింది పిల్లవాడి తల్లిదండ్రులే. రాజు ఇస్తే సన్మానం, తల్లిదండ్రులు ఇస్తే వ్యాపారమా? ఈ తేడా నాకు అర్థం కావడం లేదు.

మర్నాడు మేనల్లుణ్ణి కూర్చోబెట్టి కాగితం, కలం తీశాను. ఆదర్శాల సంగతి తరువాత, ముందు లెక్క తేలాలి. అంకెలు మేము వేసుకున్న అంచనాలే, మీ ఊళ్ళో వేరుగా ఉండవచ్చు.

పిల్లలు బడి నుంచి వచ్చాక మిగిలేది సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది వరకు. ఆరు రోజులకు 18 గంటలు, ఆదివారం ఉదయం రెండు, మొత్తం వారానికి 20 గంటలు. ఒక్కొక్కరికి విడిగా వారానికి రెండు గంటలు చెబితే పదిమందికి మించి చెప్పలేడు. నెలకు 1,000 రూపాయల చొప్పున వచ్చేది 10,000. అందులో గది అద్దె పోతే వాడు తినేది గాలి. అదే నలుగురిని ఒక జట్టుగా కూర్చోబెడితే నలభైమంది, 40,000 రూపాయలు. నలుగురికి మించితే వేళ్ళు చూసి సరిదిద్దడం కుదరదన్నాడు వాడు. ఆ గీత వాడు గీసినందుకు నాకు ముచ్చటేసింది.

పరీక్షల నెలా, కోతల నెలా తీసేస్తే ఫీజు వచ్చేది ఏడాదికి పది నెలలు. అంటే నాలుగు లక్షలు. అద్దె, కరెంటు, తెగిన తీగలు, కొత్త పిల్లలకు అరువిచ్చే గిటార్ల మరమ్మతులు, అన్నీ కలిపి నెలకు పదివేలనుకున్నా ఏడాదికి 1,20,000. మిగిలేది 2,80,000, నెలకు ఇరవై మూడు వేల పైచిలుకు. గొప్ప సంపాదన కాదు, అలాగని అప్పు చేసి బతికే బతుకూ కాదు.

ఇప్పుడు మా నాన్నగారి వంటివారు ఆ నలభైమందిలో ఎనిమిదిమంది ఉన్నారనుకోండి. "కాయ దిగాక చూద్దాం" అన్నవారు. పోయేది 80,000. అద్దె తగ్గదు, కరెంటు తగ్గదు. మిగులు రెండు లక్షలకు, అంటే నెలకు పదహారువేల చిల్లరకు దిగిపోతుంది. అయిదో వంతు బాకీ పడితే మాస్టారి ఇంటి ఖర్చులో నాలుగో వంతుకు పైగా కోత పడిందన్నమాట. మా పంతులుగారు గుమాస్తా ఎందుకయ్యారో ఇన్నేళ్ళకు ఆ కాగితం మీద నాకు అర్థమయింది.

అందుకే మూడు నెలల జీతం ముందుగా తీసుకోమన్నాను. వాడు నసిగాడు, బావుండదేమో మావయ్యా అని. నేనన్నాను, "ఒరేయ్, మన ఊళ్ళో వ్యాపారి పూత చూసే తోట బేరమాడి బయానా ఇస్తాడు. పిందె నిలుస్తుందో, గాలివానకు రాలుతుందో ఎవరికీ తెలియదు. ఆ బయానా పుచ్చుకోవడానికి సిగ్గుపడని ఊరు, చెప్పబోయే పాఠానికి ముందుగా చెల్లించడానికి ఎందుకు సిగ్గుపడాలి?"

రెండో లెక్క ఇంకా ముఖ్యం. నెలకు నలుగురు మానేస్తే పది నెలల్లో నలభైమందీ కొత్తవాళ్ళే. ఇంత చిన్న ఊళ్ళో ఏటా నలభైమంది కొత్తవాళ్ళను ఎక్కడి నుంచి తెస్తాడు? నెలకు ఒక్కడే మానేస్తే పదిమంది చాలు, వారిని పాత పిల్లలే తీసుకొస్తారు. కాబట్టి గిటారు మాస్టారి లాభం ప్రచారంలో లేదు, పిల్లవాడు రెండో ఏడాది కూడా రావడంలో ఉంది. పాఠం బాగా చెప్పడానికీ డబ్బు చేసుకోవడానికీ వైరం ఉందని మనం అనుకుంటాం. ఈ లెక్కలో మాత్రం రెండూ ఒకే గట్టున ఉన్నాయి.

ఆ వైరం మొదలయ్యే చోటు వేరే ఉంది. "ముప్ఫై రోజుల్లో గిటారు" అని బోర్డు పెడితే మొదటి నెలలోనే గది నిండుతుందని ఎవరో వాడికి సలహా ఇచ్చారట. దీని సంగతి మా ఊరివాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. కార్బైడు వేసి మాగబెట్టిన కాయ పైకి పసుపు పచ్చగా మెరుస్తుంది, లోపల పులుపు అలాగే ఉంటుంది. చట్టం కూడా దాన్ని నిషేధించింది. గిటారులో వేలి కొసలకు కాయలు కాయాలి, అవి ముప్ఫై రోజుల్లో కాస్తాయి కాబోలు గానీ చెవి మాగడానికి ఏళ్ళు పడుతుంది. అంటుమొక్క నాటిన నాలుగైదేళ్ళ వరకు మనం కాపు అడుగుతామా?

ఇక్కడ మేనల్లుడు నన్ను సరిదిద్దాడు. "అలాగని ఆర్నెల్లు మెట్లెక్కడం, దిగడమే చేయిస్తే పిల్లలు పారిపోతారు మావయ్యా. రెండు కార్డులతో వచ్చే చిన్న పాట ఏదో మొదటి నెలలోనే వాళ్ళ చేత వాయిస్తాను" అన్నాడు. ఇదీ కార్బైడేనా అని చాలాసేపు ఆలోచించాను. కాదనే తేలింది. పచ్చికాయ కోసి ఉప్పూ కారం అద్దుకు తినడంలో ఏ మోసమూ లేదు, దాని రుచి దానిదే. పచ్చికాయను పండని అమ్మడమే మోసం. "మీవాడికి ఒక పాట వచ్చింది, సంగీతం ఇంకా రాలేదు" అని తల్లిదండ్రులతో చెప్పగలిగినంత కాలం వాడు తప్పుదారి పట్టినట్టు కాదు.

ఇంటర్నెట్టులో పాఠాలన్నీ ఉచితంగా దొరుకుతుంటే డబ్బిచ్చి ఎవరు వస్తారన్నది మా బావగారి సందేహం. దానికి జవాబు మన పక్కనే ఉంది. మాండొలిన్ శ్రీనివాస్ పాలకొల్లులో పుట్టిన పిల్లవాడు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగల మీద వెతుక్కునేవాడు. 1978లో, తొమ్మిదేళ్ళ వయసులో, మా నూజివీడుకు ఎంతో దూరం లేని గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో ఆ పిల్లవాడు తొలి కచేరీ చేశాడు. వేళ్ళు ఎక్కడ పెట్టాలో చూపించని గురువు మరి ఇచ్చిందేమిటి? పాట ఇచ్చాడు, తన చెవి ఇచ్చాడు. తెర మీద కనిపించే మనిషి ఎంత గొప్పవాడైనా చూపించగలడు గానీ నువ్వు వాయించింది వినలేడు. ఆ వినే చెవికే మా వాడు జీతం పుచ్చుకోవాలి.

నాకూ ఒక భయం లేకపోలేదు. చదువు వ్యాపారమైతే ఏమవుతుందో మన విజయవాడ చుట్టుపక్కల కాలేజీల హోర్డింగులు ఎన్నో ఏళ్ళుగా చూపిస్తూనే ఉన్నాయి. ర్యాంకుల స్థానంలో గ్రేడు పరీక్షల పత్రాలు వచ్చి కూర్చోవని నమ్మకమేమిటి? లండను ట్రినిటీ కాలేజీ వారి పరీక్ష రాసి, క్లాసికల్ గిటారులో బంగారు పతకం తెచ్చుకున్న ఇళయరాజా గారున్నారు నిజమే. ఆ పతకం వెనుక మద్రాసులో ధనరాజ్ మాస్టారు ఉన్నారు. పత్రం కోసమే పాఠమైన రోజున ఇదీ ఇంకో కార్బైడు కొట్టే అవుతుంది. దీనికి నా దగ్గర మందు లేదు. జట్టుకు నలుగురన్న గీత దాటకపోవడం, స్తోమత లేని ఒకరిద్దరిని జీతం లేకుండా చేర్చుకోవడం, ఈ రెండూ వాడి చేత ఒప్పించాను. రెండోది చేయాలన్నా ముందు మిగులు ఉండాలి. తనకే లేనివాడు ఇంకొకరికి ఏమిస్తాడు?

కోతలు అయ్యాక, బడులు తెరిచే జూన్ నెలలో మొదలుపెడతానన్నాడు. ఒక అట్ట మీద జీతమెంతో, ఎప్పుడు ఇవ్వాలో పెద్ద అక్షరాలతో రాశాడు. అక్కయ్య దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "మా పంతులుగారి సైకిలుకు కూడా ఇలాంటి అట్ట ఒకటి వేలాడి ఉంటే, నేను వర్ణాల దాకా వచ్చి ఉండేదాన్నిరా" అంది. ఎవరం ఏమీ అనలేదు. నాన్నగారి ఫొటో ఆ గదిలోనే ఉంది.

మీలో సంగీతం నేర్పేవారు, పిల్లలకు నేర్పిస్తున్నవారు చాలామంది ఉన్నారని తెలుసు. నా లెక్కలో తప్పులుంటే నిర్మొహమాటంగా చెప్పండి, వాడికి చేరవేస్తాను. ఒక చిన్న మనవి కూడా. ఈ నెల మీ పిల్లల సంగీతం మాస్టారికి జీతం ఇచ్చారో లేదో, ఇది చదవడం అవగానే ఒకసారి చూసుకోండి.