చౌక పనిముట్టును చులకన చేయరాదు

మానవుని చేతికి ప్రకృతి పది వేళ్ళను ప్రసాదించింది గాని, ఆ వేళ్ళ నడుమ ఉలినో సుత్తినో ఉంచి పంపలేదు. వాటిని అతడే కల్పించుకున్నాడు. నాగలి మొదలుకొని సూది వరకు ప్రతి పనిముట్టు వెనుకను ఒక అవసరమూ, ఒక ఆలోచనా, కొంత చెమటా ఉన్నాయి. అయినను పనిముట్లను గురించి సాహిత్యం చదువుకున్నవారు వ్రాయడం అరుదు. తెలుగు అధ్యాపకునికి సుత్తితో పని యేమిటని కొందరు అడుగవచ్చును. మాస్టారు వ్రాయకపోయినా తరగతిలో ‘సుత్తి’ వాడుతూనే ఉన్నారుగదా అని వెనుక బెంచీలవారు నవ్వుకొననూవచ్చును. ఆ నవ్వును సంతోషంగా స్వీకరించి, ఈ సంచికలో అసలు సుత్తిని గురించియే నాలుగు మాటలు విన్నవించుకుంటాను.

మా తాతగారు దూదేకి బ్రతికినవారు. ఒక వెదురు విల్లు, దాని నారిని మీటే ఒక కొయ్య గూటం, అంతే ఆయన కర్మాగారం. మా నాన్నగారు గొడుగులు, తాళాలు, కిరోసిన్ స్టౌలు బాగుచేసేవారు. ఆయన రేకుపెట్టెలోని సామగ్రి చాలవరకు వీధిపక్కన గుడ్డ పరచి అమ్మేవారి వద్ద ఏరి తెచ్చినదే. ఆ సామగ్రినంతా తూకం వేసి అమ్మినా ఒక మంచి చేతిగడియారం వెల రాదు. కాని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో నా ఎం.ఏ. చదువుకు కట్టిన రుసుములు ఆ పెట్టెలోనుండి వచ్చినవే. కనుక చౌక పనిముట్టును ఎవరైనా ఎగతాళి చేసినప్పుడు నాకు కొంచెం నొప్పి కలుగుతుంది. ఆ నొప్పి నా వాదానికి బలం కాజాలదు గాని, నేనీ విషయాన్ని ఎత్తుకోవడానికి కారణం మాత్రం అదే.

నేడు చౌక పనిముట్లు దొరకని చోటు లేదు. మన చోడవరం వంటి చిన్న పట్టణాలలో ‘ఏది తీసుకున్నా ఒకటే ధర’ అని పిలిచే దుకాణాలు, విశాఖపట్నం పూర్ణా మార్కెట్ సందులు, హైదరాబాదులోని ఎర్రగడ్డ ఆదివారపు సంత, జుమ్మెరాత్ బజారు, ఇవన్నీ పేదవాని పనిముట్ల గిడ్డంగులే. వీటిని గురించి లోకంలో రెండభిప్రాయాలున్నాయి. అక్కడ దొరికేదంతా చెత్త యనేవారు కొందరు. ఎక్కువ వెల పెట్టేవారంతా వెర్రివారనేవారు మరికొందరు. మన కళాశాలలోని ఉర్దూ విద్యార్థులకు తెలిసిన సామెత ఒకటుంది: ‘మెహంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్’. ప్రియమైనది కొన్నవాడు ఒక్కసారి ఏడుస్తాడు, చౌకది కొన్నవాడు మాటిమాటికీ ఏడుస్తాడని భావం. మన తెలుగువారు ‘పిండి కొద్దీ రొట్టె’ అన్నారు. రెండూ అనుభవం మీద పుట్టిన మాటలే. అయితే ఎంత రొట్టె కావాలో ముందుగా తెలుసుకోకుండా పిండిని తూచడం వివేకం కాదు.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాము. ఒక స్క్రూడ్రైవరు వెల 40 రూపాయలు, అది 500 పర్యాయాల వాడకానికి నిలుస్తుందనుకొందాము. మరొకటి 200 రూపాయలు, అది 10,000 పర్యాయాలు నిలుస్తుందనుకొందాము. రోజంతా దానితోనే పనిచేసే మెకానిక్కుకు మొదటిది వాడకానికి 8 పైసలు, రెండవది 2 పైసలు పడుతుంది. అతని విషయంలో ఉర్దూ సామెత అక్షరాల సత్యం. కాని ఏడాదికి నాలుగు పర్యాయాలు మాత్రమే దానిని చేతబట్టే గృహస్థునికి పాతికేండ్లలో వంద వాడకాలే. అతనికి మొదటిది వాడకానికి 40 పైసలు, రెండవది 2 రూపాయలు. ఇక్కడ ప్రియమైనదే దుబారా. పనిముట్టు మంచిచెడులు దాని వెల చీటీ మీద మాత్రమే లేవు. దానిని పట్టే చేతి అవసరంలోనూ ఉన్నాయి.

వెల తగ్గడానికి సామాన్యంగా మూడు కారణాలుంటాయి. మొదటిది మెరుగు లేకపోవడం: పిడి గరుకుగా, అంచులు గీరుకొనేలా, రంగు పూయీ పూయనట్లుగా ఉంటుంది. రెండవది తనిఖీ లేకపోవడం: పదింటిలో రెండు వంకర పోయినా ఏరి పారవేయకుండా సంచిలో పోస్తారు. మూడవది లోహమే నాసిరకం కావడం. వీనిలో మొదటి లోపాన్ని కొన్నవాడే గరుకుకాగితంతోను, ఆకురాయితోను, నాలుగు చుక్కల నూనెతోను సరిదిద్దుకోవచ్చును. రెండవదానికి కన్ను కావాలి. మూడవదానికి మాత్రం మందు లేదు.

ఆ కన్ను నాకు ఉచితంగా లభించలేదు. విశ్వవిద్యాలయంలో చదివే రోజులలో సైకిలు చక్రం విప్పడానికి వీధిలో ఒక పానా కొన్నాను. తళతళలాడే ఆ పానా నట్టు మీద నిలువక జారి, దాని మూలలన్నింటినీ అరగదీసింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది. సెలవులకు వచ్చి ఆ సంగతి మా నాన్నగారికి చెప్పుకుంటే ఆయన ఆ పానాను అటూ ఇటూ త్రిప్పి చూచి, “సగం తప్పు పానాది. చూడకుండా కొన్న సగం తప్పు నీది బాబూ!” అన్నారు. తరువాత తమ ఆకురాయిని దాని మీద నడిపించి చూపించారు. ఆకురాయి మెత్తగా దిగబడి ఇనుప పొడి రాల్చింది. గట్టిపరచిన ఉక్కు మీదనైతే కొత్త ఆకురాయి కూడ పట్టు దొరకక జారిపోతుందని ఆనాడు నేర్చుకున్నాను.

దీనిలోని శాస్త్రం కష్టమైనది కాదు. ఇనుములో కర్బనం నూటికి 0.25 పాళ్ళకు తక్కువగా ఉంటే అది మెత్తని ఇనుము. ఎంత కాచి ముంచినా తగినంత గట్టిపడదు. ఉలులకు, ఆకురాళ్ళకు వాడే ఉక్కులో ఆ పాలు సుమారు 0.6 నుండి 1.4 వరకు ఉంటుంది. దానిని ఎఱ్ఱగా కాచి, నీటిలోనో నూనెలోనో ముంచి గట్టిపరచి, మరల సన్నని సెగతో పెళుసుదనం తగ్గించాలి. లారీ కమాను పట్టీలో సుమారు 0.6 పాళ్ళ కర్బనం ఉంటుంది. అందుచేతనే మన పల్లెలలోని కమ్మరులు అరిగిపోయిన కమాను పట్టీని కొని, కొలిమిలో సాగగొట్టి, కత్తులు తయారుచేస్తారు. చెరకు పండే మన ప్రాంతంలో ఆ కత్తి విలువ తెలియని రైతు లేడు. మెరుగు లేదు, ముద్ర లేదు, పెట్టె లేదు. కాని లోహం మంచిది, చేయి మంచిది. చౌకలో విలువ అంటే ఇదే.

ఈ విద్య మనకు కొత్త కాదు. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. ‘ఉక్కు’ అన్న దక్షిణాది మాటయే పాశ్చాత్యుల నోట ‘వూట్జ్’గా మారిందని పండితుల అభిప్రాయం. మనకు సమీపంలోని ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను తరిణ పట్టి లక్క పూసే బొమ్మల పనికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ బొమ్మకు కడపటి నిగ్గు తెచ్చేది ఎండిన మొగలి ఆకు. కానీ ఖర్చు లేని ఆకు కూడ తెలిసిన చేతిలో పనిముట్టవుతున్నది. ‘ఆడలేక మద్దెల ఓడు’ అనేవారికి ఇంతకంటె జవాబేమి కావాలి?

అయితే చౌక పక్షాన మాట్లాడేవాడు దాని హద్దులు కూడ చెప్పితీరాలి. ప్రాణానికి, కంటికి సంబంధించిన చోట చౌకబేరం పనికిరాదు. ఇంటి విద్యుత్తు 230 వోల్టులది. పిడికి రంగు ప్లాస్టిక్కు తొడిగినంత మాత్రాన ఆ పట్టకారు విద్యుత్తును ఆపుతుందని నమ్మరాదు. విద్యుత్తు పనికి 1000 వోల్టుల వరకు పరీక్షింపబడిన గుర్తు గల పరికరాలు వేరుగా ఉన్నాయి. పోత ఇనుముతో చేసిన సుత్తి తల పెళుసు. గట్టి ఉలి మీద కొడితే పెచ్చు లేచి కంటిలో పడవచ్చును. నిచ్చెన, రక్షణ కళ్ళద్దాలు, కొలత సాధనాలు కూడ ఈ కోవలోనివే. తప్పు చెప్పే కొలబద్ద వెల ఎంత తక్కువైనా దండుగే. 1947లో స్థాపితమై 1987లో భారతీయ ప్రమాణాల సంస్థగా మారిన భారత ప్రమాణాల సంస్థ నుండి వచ్చిన ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదో లేదో ఇటువంటి చోట్ల చూచుకోవడం అవసరం. ఒక వస్తువు మరీ చౌకగా వచ్చినప్పుడు, ఆ తగ్గిన వెలను ఎక్కడో ఒక కార్మికుడు తన కూలిలో నుండి చెల్లించి ఉండవచ్చునని కూడ మనం మరువరాదు.

ఎక్కడ పొదుపు చేయాలో, ఎక్కడ చేయరాదో ఎరిగిన పెద్దలలో ఒకరు బాల్యంలో విశాఖపట్నంలో చదువుకున్నవారే. సర్ సి.వి. రామన్ గారు 1928లో తమ పేర ప్రసిద్ధమైన ఫలితాన్ని కనుగొన్నది సుమారు 200 రూపాయల విలువగల పరికరాలతోనని ప్రతీతి. చేతిలో పట్టే చిన్న వర్ణపటదర్శినితో ఆయన తొలి పరిశీలనలు సాగాయి. అయితే సూర్యకాంతిని కేంద్రీకరించవలసిన చోట మాత్రం 7 అంగుళాల దూరదర్శిని కటకాన్ని వినియోగించారు. ప్రయోగమంతా కాంతి బలం మీద ఆధారపడినప్పుడు అక్కడ రాజీపడలేదు. 2014లో మను ప్రకాశ్ గారి బృందం ప్రకటించిన కాగితపు సూక్ష్మదర్శిని ‘ఫోల్డ్‌స్కోప్’ విడిభాగాల ఖర్చు ఒక డాలరుకు లోపు. అయినా సుమారు 140 రెట్లు పెద్దది చేసి చూపుతుంది.

ఇక కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి. మన విద్యాసంస్థలలో ఒక వింత ఆచారం ఉన్నది. విలువైన సామగ్రి కొంటాము. పాడవుతుందన్న భయంతో బీరువాలో పెట్టి తాళం వేస్తాము. తనిఖీకి వచ్చినవారికి చూపిస్తాము. విద్యార్థి దానిని అద్దం వెలుపలనుండి చూచి పట్టా పుచ్చుకొని వెళ్ళిపోతాడు. తాళం వెనుకనున్న వేయి రూపాయల పనిముట్టుకంటె విద్యార్థి చేతిలోనున్న యాభై రూపాయల పనిముట్టు ఎక్కువ విలువైనదని నా దృఢ విశ్వాసం. మన విద్యార్థులలో ఎందరో తమ కుటుంబంలో కళాశాల మెట్లెక్కిన మొదటివారు. పట్టా వచ్చిన మరునాడే ఉద్యోగం రాదు. ఫ్యాను బిగించడం, కుళాయి బాగుచేయడం, కుట్టుమిషను సవరించడం తెలిసినవాడు ఆ ఎదురుచూపుల కాలంలో ఇంటికి భారం కాకుండా ఉంటాడు.

కాబట్టి కళాశాలలో ఒక చిన్న పనిగది ఏర్పరచవలసినదని కోరుతున్నాను. దానికి వెచ్చించే ప్రతి వంద రూపాయలలో నలభై కొలత సాధనాలకు, విద్యుత్తు రక్షణకు కేటాయించి, అవి మేలురకంవే కొనండి. యాభై రూపాయలతో చౌక పనిముట్లు ఒక్కటి కాక నాలుగేసి జతలు కొనండి. మిగిలిన పది సానరాయికి, నూనెకు, కొత్త పిడులకు ఉంచండి. కొనేటప్పుడు తక్కువ కొటేషను ఒక్కటే చూడక, ఒక అనుభవజ్ఞుడైన పనివానిని వెంట తీసుకువెళ్ళండి. విద్యార్థి చేతిలో పనిముట్టు విరిగితే జరిమానా వేయకండి. ఎందుకు విరిగిందో వ్రాసి ఇమ్మనండి. అది కూడ పాఠమే. ఏ పనిముట్టు వాడి వాడి అరిగిపోయిందో, దాని అవసరం రుజువైనట్లే; మరుసటి ఏడాది దానినే మేలురకం కొందురు గాక.

విద్యార్థులారా! మీ మొదటి పనిముట్టు చౌకదని సిగ్గుపడకండి. కొనేముందు వంపు చూడండి, పట్టు చూడండి, ఆకురాయి ఆనించి చూడండి. కొన్న తరువాత నూనె రాయండి, పదును పెట్టండి, పని కాగానే తుడిచి దాచండి. మా నాన్నగారి రేకుపెట్టె నేటికీ మా ఇంట ఉన్నది. అందులోని ఆకురాయి పళ్ళు అరిగిపోయి ఇప్పుడు దేనికీ పనికిరాదు. అయినా దానిని పారవేయడానికి నాకు మనసు ఒప్పలేదు. ఏ పనిగదికైనా ఆ పెట్టె మొదటి కానుకగా పనికివస్తుందంటే, రేపే తెచ్చి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.