నూటికి ఆరు పాళ్ల మందు

ముంబయి పరేల్‌లోని టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్లు 2022 చివర్లో ఒక అధ్యయనం ఫలితాలు ప్రచురించారు. నోరు, నాలుక, దవడ, గొంతు క్యాన్సర్లు బాగా ముదిరి, ఇక నయం చేయలేమన్న దశకు చేరిన 151 మంది అందులో ఉన్నారు. ఎవరు ఏ గుంపులో ఉండాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. ఒక గుంపుకు చిన్న మోతాదులో మూడు రకాల మాత్రలు ఇచ్చారు. రెండో గుంపుకు అవే మాత్రలతో పాటు మూడు వారాలకొకసారి నివోలుమాబ్ ఇంజెక్షన్, కేవలం 20 మిల్లీగ్రాములు ఎక్కించారు. ఏడాది తిరిగేసరికి మొదటి గుంపులో నూటికి 16 మంది మిగిలారు. రెండో గుంపులో 43 మంది.

ఆ మందును పాశ్చాత్య దేశాల్లో మామూలుగా రెండు వారాలకొకసారి 240 మిల్లీగ్రాములు ఇస్తారు. టాటా డాక్టర్లు ఇచ్చింది నిర్ణీత మోతాదులో నూటికి ఆరు పాళ్లు. పూర్తి మోతాదైతే నెలకు లక్షల్లో ఖర్చు. మన దేశంలో అది అందేది నూటికి ఒకరిద్దరికి, మహా అయితే ముగ్గురికి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు ఈ మధ్య కాలంలో వచ్చిన క్యాన్సర్ వార్తల్లో ఇంతకంటే ముఖ్యమైంది లేదని నా నమ్మకం. నేను చూసిన జిల్లా పేజీల్లో మాత్రం ఇది కనిపించలేదు. క్యాన్సర్ కొత్త చికిత్స అనగానే మనం కోట్ల మాట రాస్తాం. 2023 అక్టోబర్‌లో దేశంలో తయారైన తొలి కార్-టీ చికిత్సకు అనుమతి వచ్చినప్పుడు అందరం రాశాం. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి చేసిన గొప్ప పని అది. అమెరికాలో మూడు కోట్లకు పైగా అయ్యే చికిత్సను దాదాపు 40 లక్షలకు తెచ్చారు. సంతోషమే. కానీ దేవరకొండ తండాలో, గట్టు మండలంలో ఆ 40 లక్షలు కూడా మూడు కోట్లతో సమానమే.

మన దగ్గర ఈ రోగం ఎట్లా వస్తుందో చూడండి. తంబాకు, సున్నం అరచేతిలో వేసి బొటనవేలితో నలిపి దవడకు పెట్టుకోవడం ఇక్కడ తాతల నాటి అలవాటు. దాని మీదికి గుట్కా వచ్చింది. నిషేధం కాగితం మీద ఉంది, పొట్లం కిరాణా కొట్లో గల్లా వెనుక ఉంది. పొగాకు లేని ఉత్త వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ప్రకటించింది. గుట్కా నమిలే కుర్రవాడికి మొదట కారం తింటే నోరు మండుతుంది. తర్వాత చెంప లోపలి పొర తెల్లబడి, బిరుసెక్కి, పట్టీ కట్టినట్టు గట్టిపడుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి తన మూడు వేళ్లను ఒకదాని మీద ఒకటిగా నిలబెట్టి పళ్ల మధ్య పెట్టుకోగలడు. ఇతనికి రెండు పడతాయి, కొన్నాళ్లకు ఒకటే పడుతుంది. జొన్న రొట్టె ముక్క నోట్లోకి పోదు, పాలల్లో నానేసుకుని తింటాడు. పరీక్షకు టార్చిలైటు, మూడు వేళ్లు చాలు. ఆ రెండూ లేని ఊరు లేదు. అయినా ఆర్‌ఎంపీ దగ్గర బీ-కాంప్లెక్స్ బిళ్లలు, నోటిపూత జెల్ వాడుతూ నెలలు గడిపేస్తారు. పుండు మానదు, మెడ కింద గడ్డ తేలుతుంది, అప్పుడు హైదరాబాద్ బస్సెక్కుతారు.

ఎక్కితే దిగేది రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానలోనే. 1955 నుంచి పేదలకు అదే దిక్కు. నల్లగొండ నుంచైనా పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచైనా రమారమి 100 కిలోమీటర్లు, ఆలంపూర్ నుంచైతే 200 దాటుతుంది. ఆరోగ్యశ్రీ మొట్టమొదట 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబర్ 9న పది లక్షలకు పెంచారు. ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైందీ ఆ రోజే. ఇవి చిన్న మేళ్లు కావు. కానీ కార్డు ఆపరేషన్ ఖర్చు కడుతుంది, పోయిన కూలీ కట్టదు. వెంట వచ్చిన మనిషి తిండి పెట్టదు. పత్తి ఏరే కాలంలో ఇద్దరి కూలీ పోగొట్టుకుని, ప్లాస్టిక్ కవర్లో ఫైలు పట్టుకుని దవాఖాన బయట పడుకునే వాళ్లు మధ్యలోనే చికిత్స మానేస్తే వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

అందుకే తక్కువ మందు, దగ్గర చికిత్స అన్న పరిశోధన నాకు ఇంత ముఖ్యంగా కనిపిస్తుంది.

అంత కొంచెం మందు ఎట్లా పనిచేసింది? మన రక్తంలో టీ-కణాలు ఉంటాయి, చెడిన కణాలను వెతికి చంపడం వాటి పని. అవి అదుపు తప్పకుండా వాటి మీద పీడీ-1 అనే బ్రేకు ఉంటుంది. దాన్ని 1992లో జపాన్ శాస్త్రవేత్త తసుకు హొంజో బృందం కనుక్కుంది. 2018లో ఆయనకు నోబెల్ వచ్చింది. క్యాన్సర్ కణం చేసే మోసం ఏమిటంటే, తన పైపొర మీద ఒక ప్రొటీన్‌ను మొలిపించి ఆ బ్రేకును నొక్కి పట్టుకుంటుంది. టీ-కణం పక్కనే ఉన్నా చేతులు కట్టుకుని నిలబడిపోతుంది. నివోలుమాబ్ పోయి పీడీ-1 మీద కూర్చుంటుంది, క్యాన్సర్ కణానికి పట్టు దొరకదు. తొలి ప్రయోగాల్లోనే ఒక సంగతి బయటపడింది. చాలా చిన్న మోతాదుకే టీ-కణాల మీది పీడీ-1 స్థానాల్లో అత్యధిక భాగం నిండిపోతున్నాయి, వారాల తరబడి నిండే ఉంటున్నాయి. బిందె నిండాక ఇంకా పోస్తే నీళ్లు నేల పాలే. మరి పెద్ద మోతాదు ఎందుకు ఖాయమైంది? కంపెనీలు ఎంత ఎక్కువ ఇస్తే శరీరం తట్టుకుంటుందో చూసినంత శ్రద్ధగా, ఎంత తక్కువతో సరిపోతుందో చూడలేదు. ఆ రెండో ప్రశ్న వేయాల్సిన అవసరం మందు కొనలేని దేశానికే ఉంది. టాటా డాక్టర్లు వేశారు.

ఇక ఆ మూడు మాత్రల సంగతి. సెలికాక్సిబ్, ఎర్లోటినిబ్, మెథోట్రెక్సేట్. ఈ మూడోదాని వెనక మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధన విభాగానికి నాయకత్వం వహించాడు. కణం రెండుగా చీలాలంటే డీఎన్‌ఏ కొత్తగా తయారు కావాలి, దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది. తర్వాత దానికి నకలు వంటి పదార్థాలు చేసింది. కణం అసలుదనుకుని నకిలీని లోపలికి తీసుకుంటుంది, డీఎన్‌ఏ పని అక్కడే ఆగిపోతుంది. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చాడు. పది మందిలో రోగం కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితం అచ్చయింది, అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. అమినాప్టెరిన్‌కు తోబుట్టువు మెథోట్రెక్సేట్. ఇప్పుడది పాతబడిన మందు, పేటెంటు లేదు, ఏ మెడికల్ షాపులోనైనా చవగ్గా దొరుకుతుంది.

ఆ పాత మందుతోనే టాటా డాక్టర్లు 2020లో ఇంకో సంగతి తేల్చారు. ముదిరిన తల, మెడ క్యాన్సర్ ఉన్న 422 మందిలో సగం మందికి సెలైన్‌లో ఎక్కించే సిస్‌ప్లాటిన్ ఇచ్చారు. మిగతా సగానికి ఇంట్లో వేసుకునే మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్ మాత్రలు. సిస్‌ప్లాటిన్ గుంపులో సగం మంది 6.1 నెలలకు మించి బతికితే, మాత్రల గుంపులో సగం మంది 7.5 నెలలకు మించి బతికారు. దాదాపు నెలన్నరేనా ఎక్కువ అని పెదవి విరవకండి. ఆ నెలలు దవాఖాన మంచం మీద కాదు, సొంత ఇంట్లో, దుష్ఫలితాలు తక్కువగా గడిచిన నెలలు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటేసి పోలేం. పేదలకు తక్కువ మందు, ఉన్నవాళ్లకు పూర్తి మందా? 151 మంది అధ్యయనం చిన్న మోతాదును పూర్తి మోతాదుతో పోల్చలేదు, అసలు ఇవ్వని వాళ్లతో పోల్చింది. కాబట్టి రెండూ సమానమని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఇవాళ మన జిల్లాల రోగి ముందున్నది మాత్రం సగమా పూర్తా అన్న ప్రశ్న కాదు, కొంచెమా అసలేమీ లేదా అన్న ప్రశ్న. సమానమో కాదో తేల్చే పెద్ద అధ్యయనం జరగాలి. అది ఇక్కడెందుకు జరగకూడదు?

మహబూబ్‌నగర్‌లో 2016లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో, ఆ తర్వాత వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. జిల్లా ఆసుపత్రుల్లో క్యాన్సర్ డే కేర్ కేంద్రాలు పెడతామని 2025 బడ్జెట్‌లో కేంద్రం చెప్పింది. పాలమూరు కూలీలు తరతరాలుగా ముంబయి వెళ్లి అక్కడి మేడలు కట్టారు. ఆ నగరంలో పుట్టిన ఈ వైద్యం కోసం వాళ్లు మళ్లీ ముంబయి పోవాల్సిన పనిలేదు. క్యాన్సర్ నిపుణుడి పర్యవేక్షణలో మాత్రలు, మూడు వారాలకొక ఇంజెక్షన్ జిల్లా కేంద్రంలోనే ఇవ్వొచ్చు.

ఇట్లాంటి చవకైన సైన్సు మన జిల్లాలకు కొత్త కాదు. ఫ్లోరైడ్ నీటికి పటిక, సున్నం కలిపి బకెట్లోనే శుద్ధి చేసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించారు. ప్రపంచమంతటా పుస్తకాల్లో దాన్ని నల్లగొండ పద్ధతి అనే అంటారు. జనం బాధను చూసి, జనం చేతిలో ఉన్న వస్తువులతో చేసిన సైన్సు అది. క్యాన్సర్‌లో కూడా అటువంటి పని జరుగుతోంది. రొమ్ము క్యాన్సర్ గడ్డను కోసే ముందు దాని చుట్టూ మామూలు మత్తుమందు లిడోకైన్ ఇస్తే ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు నూటికి 86 నుంచి 90కి పెరిగారని దేశంలోని 11 కేంద్రాల్లో 1,600 మంది మహిళల మీద జరిగిన అధ్యయనం చూపింది. కణాల మీది సోడియం ద్వారాలను ఆ మందు మూసేస్తుంది. దాని ఖర్చు లెక్కలోకి రానంత. తిరువనంతపురం జిల్లాలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోరు చూసిన అధ్యయనం 2005లో వెలువడింది. పొగాకు, మద్యం అలవాటున్న వాళ్లలో నోటి క్యాన్సర్ చావులు మూడో వంతు తగ్గాయి. మన ఆశ కార్యకర్తలు ఆ పని చేయగలరు. వాళ్ల నెత్తిన ఇంకో రిజిస్టరు మాత్రం పెట్టొద్దు, చేసిన పనికి పైసలివ్వాలి.

అధ్యయనాలు రావాలంటున్నాను గనుక ఖమ్మం సంగతీ చెప్పాలి. 2009లో అక్కడ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ఇచ్చిన అధ్యయనంలో చాలా మంది తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్‌లో దాన్ని నిలిపేశారు, 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగా తప్పుపట్టింది. తప్పు టీకాది కాదు, అడగకుండా చేసిన తీరుది. పాలమూరులో ఏ అధ్యయనం మొదలైనా రోగికి, ఇంటివాళ్లకు వాళ్ల మాటల్లో చెప్పాలి. వద్దన్నా చికిత్స ఆగదని ముందే చెప్పాలి.

ఒక చివరి జాగ్రత్త, జిల్లా ఆసుపత్రి ఫార్మసిస్టులకు. మెథోట్రెక్సేట్ ఈ చికిత్సలో వారానికొకసారి వేసుకునే మందు. రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మాత్రలను ఇంటికి ఇచ్చి పంపే ఏర్పాటు మొదలైన రోజున ఆ కవరు మీద వారంలో ఏ రోజు వేసుకోవాలో పెద్ద అక్షరాలతో తెలుగులో రాయాలి. చదువురాని మనిషైతే వెంట వచ్చిన వాళ్లకు చెప్పి, తిరిగి అప్పజెప్పించుకోవాలి. ఆ ఊరి ఆశకు ఫోను చేసి ఏ రోజో చెప్పాలి.